పద్నాలుగో అంశం

మినిట్స్ రాయడం నా పని.
హార్లో మిల్స్ ఊరికి ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాను.
మార్చి నెల. బడి జిమ్‌లో మడత కుర్చీలు,
బూట్ల మంచు కరిగి నేలంతా మడుగులు,
బాస్కెట్‌బాల్ వల కింద నూట ముప్ఫై మంది.

పదమూడో అంశం, శ్మశానంలో గడ్డి కోత.
నలభై నిమిషాలు కొట్టుకున్నాం దాని మీద.
గడ్డి సంగతి ఎవరికి తెలీదు, అందరూ మాట్లాడారు.
పద్నాలుగోది చదవగానే
దగ్గులు కూడా ఆగిపోయాయి.

ఏడు లక్షల నలభై వేల డాలర్లు.
ఒక్క ఫైరింజను.

లీలండ్ పామర్లో లేచాడు.
ఊరికి చీఫ్, పగలు రంపం మిల్లులో మేస్త్రీ.
అరువు చొక్కా తొడుక్కొచ్చినవాడిలా నిలబడి
కాగితం చూసి చదివాడు:
బండికి ముప్ఫై ఏళ్ళు. పంపు కారుతోంది.
గాలి సిలిండర్లు పద్నాలుగు, మెడ మీద కొట్టిన తేదీ
వచ్చే అక్టోబరుతో సరి,
ఆ తర్వాత వాటిని నింపకూడదు.
హెల్మెట్లు, కోట్లు... కాగితం తిప్పాడు.
"నా కోటు నాకంటే ముందు రిటైరవ్వాల్సింది" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
ఇంట్లో కూచుని రాసుకొచ్చిన జోకు, పాపం.

ఫండులో ఎంతుందని వెనక నుంచి ఎవరో.
నాకు తెలుసు. లెడ్జరు నా ఒళ్ళోనే ఉంది.
ఏటా నలభై వేలు వేద్దామనుకున్నాం,
మూడేళ్ళు వేశాం.
ఒకేడు వంతెనకు తీశాం,
ఒకేడు బడి బాయిలరుకు,
ఒకేడు, ఊరికే, మానేశాం.
ఇల్లంటుకున్నాక బావి తవ్వేవాణ్ణి చూసి నవ్వుతాం గానీ
ఏ మంటా లేని రోజున గునపం పట్టినవాడికి
పక్కన తట్ట మోసేవాడు దొరకడు.

అడెల్ క్విర్క్ చెయ్యెత్తింది.
డెబ్భై తొమ్మిదేళ్ళు. కొండ మీద ఒంటి ఇల్లు.
"ఏడాదికి నూట తొంభై పెరుగుతుంది నా పన్ను.
అంటే ఫర్నేసులో పన్నెండు రోజుల నూనె.
ఏ పన్నెండు రోజులు వణకమంటావో
నువ్వే చెప్పు, లీలండ్."

అతని కాగితంలో దానికి జవాబు లేదు.
"మీ చిమ్నీ అంటుకున్న రాత్రి..." అని మొదలుపెట్టి
ఆగాడు.
ఆ రాత్రి మూడోసారికి గానీ పంపు అందుకోలేదని
అతని మనుషులకు తెలుసు, నాకు తెలుసు,
ఆవిడకు తెలీదు.
చెప్పలేదు. కూచున్నాడు.

బడ్జెట్ కమిటీ నుంచి ఇనెజ్ స్టాక్‌పోల్ లేచింది:
ఈ రాత్రి ఒప్పుకుంటే ఆర్డరు,
ఆర్డరిచ్చిన నాలుగేళ్ళకు బండి.
కొంత గ్రాంటు రావచ్చు, రాకనూ పోవచ్చు.
మిగతాది బాండు, పదిహేనేళ్ళు.
కుర్చీలు కిర్రుమన్నాయి.
అది తీరేనాటికి మనముంటామా అని
తలా ఒక కూడిక వేసుకుంటున్నారు.

పసుపు కార్డులు లేచాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.
అరవై ఆరు. అరవై మూడు.
అడెల్ కార్డు రెండుసార్లూ ఒళ్ళోనే ఉంది.

చప్పట్లు కొట్టారు కొందరు. కోట్లు వెతుక్కున్నారు కొందరు.
పదిహేనో అంశం గాలి సిలిండర్లు.
ఎవరో వాయిదా అన్నారు, ఎవరో బలపరిచారు,
ఆకలి వేళ, అందరూ సరే అన్నారు.
లీలండ్ అప్పటికి గుమ్మం దగ్గర
ఎవరితోనో చెయ్యి కలుపుతున్నాడు.
"వచ్చే ఏటికి వాయిదా" అని రాశాను.
అక్టోబరు అని రాయడానికి
మినిట్స్‌లో చోటుండదు.

ఇంటికెళుతుంటే స్టేషన్లో దీపం.
మధ్యాహ్నం మాకు కాఫీ పోసిన కుర్రాడు, టోబిన్,
పదిహేనేళ్ళు, ఇంకా లైసెన్సు లేదు,
పంపు కింది రేకు పళ్ళెం రెండు చేతులా పట్టుకొచ్చి
మంచు మీద పారబోసి
మళ్ళీ లోపల పెట్టాడు.
కారద్దం దించాను.
టప్ మంది. కాసేపటికి ఇంకోటి.
నాలుగేళ్ళు.